పై నుంచి మూడో తీగ

ఆ వారం టోర్నమెంటులో రాకెట్లకు తీగలు కట్టేవాడు ఒక్కడే. ఆ ఒక్కడూ టోర్నమెంటులో ఆడుతున్నాడు కూడా. ఈ కథలో వచ్చిన చిక్కంతా అక్కడే వచ్చింది.

ఆటగాళ్ళు అతన్ని తీగలన్న అంటారు. వయసు ముప్పై నాలుగు. టెన్నిస్ ఆడి బతకడం మొదలుపెట్టి పదకొండేళ్ళు. ఈ పదకొండేళ్ళలో నూట నలభై మూడు ఊళ్ళలో ఆడాడు. ఒకసారి నూట తొంభై ఎనిమిదో ర్యాంకు వాడిని ఓడించాడు. ఆ రోజు వాడి చీలమండ బెణికి ఉందని ఎవరైనా గుర్తుచేస్తే, "నా చీలమండ బెణకలేదుగా, అది నా గొప్ప" అంటాడు. అతని ర్యాంకు అన్నిటికన్నా బాగున్న రోజున ఆరు వందల పదకొండు. ఆ సోమవారం నాటికి పదిహేను వందల ఎనభై ఏడు.

ఆ నంబరు కింద ఉన్న సరుకు ఒక్క పాయింటు. పాల ప్యాకెట్ మీద తేదీ ఉన్నట్టే పాయింటుకూ గడువు తేదీ ఉంటుంది. సంపాదించిన నాటి నుంచి యాభై రెండు వారాలు. ఆ తర్వాత అది పోతుంది. తీగలన్న పాయింటు వచ్చే సోమవారం పోతుంది. ఈలోగా ఇంకొకటి రాకపోతే జాబితాలో పేరే ఉండదు. పెద్ద నంబరైనా నంబరే, లేకపోవడం వేరు. టోర్నమెంటుకు పేరు ఇచ్చే ఫారంలో 'ర్యాంకు' అని ఒక గడి ఉంటుంది. పదకొండేళ్ళలో అతను ఆ గడిని ఒక్కసారి కూడా ఖాళీగా వదల్లేదు.

పాయింటు రావాలంటే మొదటి రౌండ్ గెలవాలి. మొదటి రౌండ్‌కు రావాలంటే ముందు క్వాలిఫయింగ్‌లో రెండు మ్యాచ్‌లు గెలవాలి. ఆ రెండూ ఆదివారం ఒకటి, సోమవారం పొద్దున ఒకటి గెలిచేశాడు. గెలిచి, చెమట బనియను మార్చుకొని, తీగల గదికి వెళ్ళి పనిలో కూర్చున్నాడు. అప్పటికి గది బయట పద్నాలుగు రాకెట్లు గోడకు ఆనించి ఉన్నాయి.

తీగల గది అంటే క్లబ్బు మెట్ల కింద ఉన్న గది. అంతకుముందు అందులో కుర్చీలు పడేసేవారు. ఒక కిటికీ, ఒక బల్ల, బల్ల మీద అతని మెషీను. రాకెట్‌ను మెషీనులో పడుకోబెట్టి ఆరు చోట్ల బిగించాలి. నిలువు తీగలు పదహారు, అడ్డం తీగలు పంతొమ్మిది. అడ్డం తీగను ఒక నిలువు తీగ మీద నుంచి, ఇంకోదాని కింద నుంచి, చాప అల్లినట్టు పోనివ్వాలి. ఒక్కో తీగనూ ఆటగాడు చెప్పినన్ని పౌండ్ల బిగువు దాకా మెషీను లాగుతుంది. ఒక పౌండు తేడా వచ్చినా చేతికి తెలిసిపోయే ఆటగాళ్ళున్నారు. తెలియకపోయినా తెలిసినట్టు మాట్లాడేవాళ్ళు అంతకన్నా ఎక్కువ ఉన్నారు. ఒక రాకెట్‌కు అతనికి పట్టేది ఇరవై ఐదు నిమిషాలు.

గదిలో కిటికీ పక్కన స్టూలు మీద అత్తగారు కూర్చుంది.

అత్తగారు బస్సు కండక్టరుగా ముప్పై ఒక్క ఏళ్ళు చేసి మూడు నెలల కింద రిటైరైంది. రిటైరైనవాళ్ళకు జీవితాంతం ఉచిత పాసు ఇచ్చారు. పాసు చేతికొచ్చాక ఆమె ఇంట్లో నిలవలేదు. కూతురు ల్యాబ్ టెక్నీషియను, సెలవు దొరకదు. "పోనీ నేనే వెళ్ళి అల్లుడు చేసే ఉద్యోగమేంటో ఒకసారి చూసొస్తా" అని బయలుదేరి, నాలుగు గంటలు బస్సులో వచ్చింది. చేతిసంచిలో గొడుగు, మంచినీళ్ళ సీసా, అల్లిక సూదులు, సర్వీసులో వాడిన విజిల్.

ఈ ఉద్యోగం విషయంలో ఆమెకు పాత అనుమానం ఉంది. తొమ్మిదేళ్ళ కింద కూతురు ఇతన్ని ఇంటికి తీసుకొచ్చి పరిచయం చేసినప్పుడు ఆమె అడిగిన మొదటి ప్రశ్న, "ఏం చేస్తుంటారు?"

"టెన్నిస్ ఆడతానండీ."

"అది సరే. ఏం చేస్తుంటారు?"

"అదేనండీ. ప్రపంచ ర్యాంకు కూడా ఉంది."

"ఎంత?"

"తొమ్మిది వందల నలభై రెండు."

ఆమె కాసేపు ఆలోచించి, "మా డిపోలో అంత పెద్ద నంబరు బస్సు లేదు" అంది. ఆ మాట ఇంట్లో సామెతైపోయింది. కూర ఉడక్కపోయినా, కరెంటు పోయినా ఎవరో ఒకరు ఆ మాట అనేవారు.

ఆ సోమవారం మధ్యాహ్నం గుమ్మంలోకి ఒక కుర్రాడు వచ్చి మూడు రాకెట్లు బల్ల మీద పెట్టాడు. పంతొమ్మిదేళ్ళు. ర్యాంకు నాలుగు వందల డెబ్బై. బంతిని కొట్టే తీరు చూసి తోటివాళ్ళు పెట్టిన పేరు పిడుగు.

"యాభై ఆరు అన్నా, మూడూ. రేపు పొద్దుటికి."

"సరే" అని తీగలన్న చీటీ రాసి రాకెట్లకు కట్టాడు.

గంట తర్వాత, ఎవరితో ఎవరు ఆడాలో రాసిన డ్రా కాగితం నోటీసు బోర్డు మీద అంటించారు. ఎవరో పరుగెత్తుకొచ్చి కిటికీలోంచి అరిచారు. "తీగలన్నా! రేపు నీకు పిడుగు పడ్డాడు!"

పిడుగు పడటమేంటని అత్తగారు ఆకాశం వైపు చూసింది. విషయం చెప్పాక అల్లుడి చేతిలోని రాకెట్ వైపు చూసింది. దాని పిడికి పిడుగు చీటీ వేలాడుతోంది.

"రేపు మీరు ఎవరితో ఆడతారో వాడి బ్యాటుకు మీరే తాళ్ళు బిగిస్తున్నారా?"

"అవును అత్తయ్యా."

"ఉరితాడు పేనేవాడికి మెడ కొలత ఇచ్చినట్టుంది."

"పని పనే, ఆట ఆటే."

"కాస్త వదులుగా బిగిస్తే?"

"అత్తయ్యా!"

"ఊరికే అన్నా. ఏమంటారో చూద్దామని." ఆమె అల్లిక తీసింది. "ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్కడినీ టికెట్ కొట్టకుండా వదల్లేదు నేను. మా మేనత్త కొడుకు ఎక్కితే వాడికీ కొట్టాను టికెట్టు. ఇప్పటికీ నాతో మాట్లాడడు."

తీగలన్న యాభై ఆరు అంటే యాభై ఆరే బిగించాడు. మూడూ బిగించి, ప్రతిదాన్నీ అరచేత్తో తట్టి, చప్పుడు విని, గోడకు ఆనించాడు.

*

మంగళవారం పదకొండింటికి మ్యాచ్ మొదలైంది. మూడో నంబరు కోర్టు. చూసేవాళ్ళ కోసం ఒక వైపు నాలుగు వరసల మెట్లున్నాయి. కూర్చున్నవాళ్ళు పదిహేడు మంది, అందులో అత్తగారు ఒకరు. లైను చూసే మనుషులు ఈ స్థాయి టోర్నమెంట్లలో ఉండరు. ఎత్తు కుర్చీలో అంపైర్ ఒక్కడే అన్నీ చూసుకోవాలి.

మొదటి సెట్ పిడుగు లాక్కుపోయాడు. వాడి ఫోర్‌హ్యాండ్ దెబ్బకు బంతి వచ్చేది కనిపించేది కాదు. వెళ్ళాక వెనక కంచెకు తగిలిన చప్పుడు వినిపించేది. తీగలన్న బలం వేరు. అతను బంతిని కొట్టడు, తిప్పి పంపిస్తాడు. మళ్ళీ పంపిస్తాడు. అవతలివాడికి విసుగొచ్చేదాకా పంపిస్తాడు. విసుగు రాని రోజున ఓడిపోతాడు.

మూడు-అయిదు దగ్గర అతని బంతి ఒకటి లైను మీద పడింది. అంపైర్ అవుట్ అన్నాడు. మెట్ల మీద నుంచి విజిల్ మోగింది. ఒక్కసారి, గట్టిగా.

కోర్టు మీద ఇద్దరూ ఆగిపోయారు. పక్క కోర్టులో ఆడుతున్న నలుగురూ ఆగిపోయారు. రోడ్డు మీద ఒక ఆటో ఆగింది.

రెఫరీ మెట్లెక్కి వచ్చాడు. "ఎవరండీ వేసింది?"

"నేనే" అంది అత్తగారు. "బంతి లైను మీద పడింది. నేను చూశాను."

"ఇక్కడ విజిల్ వేయకూడదమ్మా."

"మరి ఆపమని చెప్పేదెలా?"

"ఆపమని చెప్పే హక్కు మీకు లేదమ్మా."

ఇలాంటి మాట ముప్పై ఒక్క ఏళ్ళలో ఆమెతో ఎవరూ అనలేదు. డ్రైవరు కూడా అనలేదు. ఆమె విజిల్‌ను సంచిలో పెట్టుకొని, సంచి ఒళ్ళో పెట్టుకొని, సంచి మీద చేతులు పెట్టుకొని కూర్చుంది. తీగలన్న చేతిలో ఉన్న తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. తుడుచుకోవాల్సిన దానికన్నా ఎక్కువసేపు తుడుచుకున్నాడు; నవ్వు ఆగేదాకా. మొదటి సెట్ మూడు-ఆరు పోయింది.

నవ్వినందుకో ఏమో, రెండో సెట్‌లో భుజాలు వదులయ్యాయి. మూడు-మూడు దగ్గర పిడుగు రాకెట్‌లో తీగ తెగింది. ఇంకోటి తీసుకున్నాడు. ఆ సెట్ తీగలన్న ఏడు-అయిదుకు తెచ్చుకున్నాడు. మూడో సెట్‌లో రెండు-రెండు దగ్గర పిడుగు రెండో రాకెట్ తీగ కూడా తెగింది. మిగిలింది ఒకటి. నాలుగు-నాలుగు దగ్గర, కొత్త గేమ్ మొదలవబోతుండగా, చినుకు పడింది. చినుకు అంటుండగానే వాన అయింది. అందరూ సంచులు నెత్తిన పెట్టుకొని పరుగెత్తారు.

*

తీగలన్న పొడి బనియను వేసుకొని మెట్ల కింద గదికి వెళ్ళాడు. విశ్రాంతి తీసుకోవాలని అతనికీ తెలుసు. కానీ గది బయట ఆరు రాకెట్లున్నాయి. ఉన్న రాకెట్లు చూస్తూ కూర్చోవడం అతనికి విశ్రాంతి కాదు.

అత్తగారు అప్పటికే స్టూలు మీద ఉంది. ఫోనులో కూతురు.

"ఇదిగో, మాట్లాడుతుందట."

"విజిల్ వేసింది అమ్మేనా?" అంది భార్య. "ల్యాబ్‌లో లైవ్ పెట్టుకొని చూస్తున్నా. నా చేతిలో ట్యూబ్ కింద పడిపోయేది."

"మీ అమ్మే."

"నాకు తెలుసు. నేను బడి ఎగ్గొట్టి సినిమాకి పోతుంటే రోడ్డు అవతల నుంచి వేసిన విజిలే అది. సర్లే, నువ్వు కాలు చాపుకొని కూర్చో. రాకెట్లు ముట్టుకోకు."

"ముట్టుకోను" అన్నాడు అతను, చేతిలో కత్తెర పట్టుకొని.

ఫోను పెట్టేసరికి గుమ్మంలో పిడుగు నిలబడి ఉన్నాడు. జుట్టు మీద నుంచి నీళ్ళు కారుతున్నాయి. రెండు చేతుల్లో రెండు రాకెట్లు. రెండింటికీ తీగలు తెగి ఉన్నాయి.

"అన్నా, ఎలా అడగాలో తెలియట్లేదు."

"నోటితో అడుగు."

"మిగిలింది ఒక్కటే. దాని తీగ కూడా సగం కోసుకుపోయింది. ఊళ్ళో ఇంకెవరూ లేరంట, మీరు తప్ప."

వాడి వెనక రెఫరీ కూడా వచ్చి నిలబడ్డాడు. "నిబంధనలు చూశాను. కట్టమనీ లేదు, కట్టొద్దనీ లేదు. ఇలాంటిది వస్తుందని రాసినవాళ్ళకు తోచి ఉండదు. మీ ఇష్టం" అన్నాడు తీగలన్నతో.

కట్టకపోతే ఏమవుతుందో గదిలో నలుగురికీ తెలుసు. ఉన్న ఒక్క రాకెట్ తీగా తెగితే పిడుగు చేతులెత్తేయాలి. పాయింటు నడిచొచ్చి బల్ల మీద కూర్చుంటుంది.

"యాభై ఆరేనా?" అన్నాడు తీగలన్న.

"యాభై ఆరే అన్నా."

"పెట్టి వెళ్ళు. తల తుడుచుకో, జలుబు చేస్తుంది."

వాళ్ళు వెళ్ళాక అత్తగారు అల్లిక ఆపింది. లేచి, స్టూలు తెచ్చి మెషీను ముందు వేసింది.

"నిలబడి ఎందుకు? కూర్చొని కట్టండి. కాళ్ళు మిగుల్తాయి."

అతను కూర్చొని మొదటి రాకెట్‌లోంచి పాత తీగలు కత్తిరించబోయి ఆగాడు. తెగిన చోటు చూశాడు. రెండో రాకెట్ తీసి దాన్నీ చూశాడు. రెండింటినీ పక్కపక్కన పెట్టాడు.

తీగలు కట్టేవాడికి తెగిన చోటు చూడటం అలవాటు. మధ్యలో తెగితే చింత లేదు. బంతి రోజూ తగిలే చోటు అదే, అరిగి తెగుతుంది. పై అంచున తెగిందంటే బంతి తగలకూడని చోట తగిలిందని. పిడుగు రాకెట్లు రెండూ ఒకే చోట తెగాయి. అడ్డం తీగల్లో పై నుంచి మూడోది, చట్రానికి రెండు వేళ్ళ దూరంలో. మధ్య తీగలు కొత్తవాటిలా మెరుస్తున్నాయి.

అతను కళ్ళు మూసుకొని జరిగిన ఆటంతా వెనక్కి తిప్పాడు. మొదటి తీగ తెగింది ఎడమవైపు బంతికి. ఎత్తు? భుజం ఎత్తు. రెండోది? అదీ ఎడమవైపే, అదీ భుజం ఎత్తే. అంతవరకూ అతను బంతుల్ని నడుం ఎత్తున పంపుతున్నాడు. పొరపాటున లేచినవి ఆ రెండు మూడే. లేచిన ప్రతిసారీ పిడుగు ఒక అర క్షణం ఆలస్యంగా వచ్చాడు.

"ఏంటలా చూస్తున్నారు? అందులో ఏమైనా రాసుందా?"

"రాసుంది అత్తయ్యా." అతను రాకెట్ ఆమెకు చూపించాడు. ఎక్కడ తెగిందో, ఎందుకు తెగిందో చెప్పాడు. "పైకి లేపి ఎడమవైపు వేస్తే చాలు. వీడి పని అయిపోయినట్టే."

"మరింకేం!"

"ఇంకేం అంటే... వాడు నన్ను నమ్మి చేతిలో పెట్టాడు. డాక్టరు దగ్గరకొచ్చి చొక్కా విప్పినట్టు. చూసింది తీసుకెళ్ళి వాడి మీదే వాడటం..."

అత్తగారు మళ్ళీ అల్లిక తీసి రెండు వరసలు అల్లింది. వాన రేకుల మీద పడుతోంది.

"బస్సులో జనం మాట్లాడుకుంటారు" అంది. "ఇంటి గొడవలు, ఆఫీసు గొడవలు, ఎవరు ఎవరితో లేచిపోతున్నారో, అన్నీ. నా చెవిన పడతాయి. చెవులకు తలుపులుండవు కదా. పడినవి పడతాయి. అవి మోసుకొని దిగకూడదు, అంతే. దిగేటప్పుడు సీట్లోనే వదిలేయాలి."

"మరి ఇది నేనెక్కడ వదలాలి? గంటలో మళ్ళీ వాడికి ఎదురుగా నిలబడాలి."

"ఎవరిదో వాళ్ళకిచ్చేయండి. నా బస్సులో గొడుగు దొరికితే నేనేం చేసేదాన్ని? గొడుగు ఎవరిదో వాళ్ళని పిలిచి ఇచ్చేదాన్ని."

అతను ఆమె వైపు చూశాడు. "చెప్పేస్తే, వాడు సరిచేసుకుంటే, నా నంబరు పోతుంది."

"పోనివ్వకండి. చెప్పండి, గెలవండి. రెండూ చేయొద్దని ఎవరన్నారు?"

అదేదో టికెట్ కొట్టినంత తేలికైన పనైనట్టు చెప్పి, ఆమె అల్లికలో పడింది. అతను తీగలు కత్తిరించడం మొదలుపెట్టాడు.

యాభై నిమిషాల్లో రెండూ అయిపోయాయి. వాన వెలిసింది. కోర్టు మీద మనుషులు రబ్బరు పలకలతో నీళ్ళు తోస్తున్నారు. పిడుగు రాకెట్ల కోసం వచ్చాడు.

"ఒక మాట విను" అన్నాడు తీగలన్న. "రెండూ ఒకే చోట తెగాయి. పై నుంచి మూడో తీగ. ఎడమవైపు భుజం ఎత్తున వచ్చే బంతికి నువ్వు ఆలస్యంగా వస్తున్నావు. ఒక అడుగు ముందుకు రావాలి. ఇది నీ రాకెట్ చూస్తే తెలిసింది కాబట్టి నీకు చెప్తున్నా. ఇక నేను అక్కడికే వేస్తా. అదీ ముందే చెప్తున్నా."

పిడుగు అతని ముఖంలోకి చూసి నవ్వాడు. "అన్నా, భయపెడుతున్నారా?"

"భయపెట్టాలంటే ఇంత కష్టం దేనికిరా? రాకెట్లు కట్టకపోతే సరిపోయేది."

కుర్రాడి నవ్వు కొంచెం తగ్గింది. కొత్త తీగల్ని వేలితో మీటి చూసుకుంటూ వెళ్ళాడు.

*

మళ్ళీ మొదలయ్యేసరికి మెట్ల మీద పదిహేడు మంది కాదు, అరవై మంది ఉన్నారు. తీగలన్న ప్రత్యర్థికి రాకెట్లు కట్టిచ్చాడన్న వార్త వాన కన్నా వేగంగా క్లబ్బంతా తడిపేసింది.

తీగలన్న తన సర్వీసు నిలబెట్టుకున్నాడు. అయిదు-నాలుగు. తర్వాతి గేమ్‌లో, అన్న మాట ప్రకారం, మొదటి బంతినే ఎత్తి ఎడమవైపు వేశాడు. పిడుగు ఒక అడుగు ముందుకొచ్చాడు. బంతి రాకెట్ మధ్యలో తగిలి తీగలన్న పక్క నుంచి వెళ్ళిపోయింది. ఇంకోటి వేశాడు. అదీ అంతే. అయిదు-అయిదు.

మెట్ల మీద ఎవరో, "చెప్పి చెడ్డాడు పాపం" అన్నారు. అత్తగారు ఆయన వైపు తిరిగి, టికెట్ అడిగేటప్పుడు చూసే చూపు ఒకటి చూసింది. ఆయన కాస్త పక్కకు జరిగి కూర్చున్నాడు.

తీగలన్న తువ్వాలుతో చెయ్యి తుడుచుకొని సర్వీసుకు నిలబడ్డాడు. విచిత్రంగా అతనికి తేలికగా ఉంది. దాచుకున్నదేమీ లేదు. ఇక ఆడటమొక్కటే. ఆరు-అయిదు చేశాడు.

పిడుగు సర్వీసు. తీగలన్న ఎత్తి వేస్తూనే ఉన్నాడు. కుర్రాడు ముందుకొస్తూనే ఉన్నాడు. కానీ చిన్నప్పటి నుంచి కాలికి నేర్పిన పాఠమూ, అరగంట కింద చెవికి చెప్పిన పాఠమూ ఒకటి కావు. చెవి ముందుకెళ్ళమంటుంది, కాలు ఆగమంటుంది. ముప్పై-ముప్పై దగ్గర పిడుగు మరీ ముందుకొచ్చాడు. బంతి నెట్‌లోకి పోయింది. ముప్పై-నలభై. ఇంకొక్కటి వస్తే మ్యాచ్ అయిపోతుంది.

ఆ పాయింటు పన్నెండు దెబ్బలు సాగింది. తీగలన్న తిప్పి పంపాడు, మళ్ళీ పంపాడు. పిడుగుకు విసుగు రాలేదు. పదో దెబ్బకు తీగలన్న బంతిని లేపాడు. అది నెట్ మీద నుంచి, పిడుగు ఎడమ భుజం ఎత్తుకు వెళ్ళింది. పిడుగు ఒక అడుగు వేశాడు. రెండో అడుగు వేయాలా వద్దా అని ఆగాడు. ఆగిన ఆ అర క్షణంలో 'టక్' అని చప్పుడైంది. తీగ చప్పుడు కాదది. చట్రం చప్పుడు.

బంతి పైకి లేచింది. అలా లేస్తూనే ఉంది. అరవై మంది తలలు వెనక్కి వాల్చి చూశారు. తీగలన్న దాని కింద నిలబడ్డాడు. ఇలాంటి బంతుల్ని బలమంతా పెట్టి బాది, కంచె అవతలకు పంపిన రోజులు అతనికి మూడున్నాయి. ఊళ్ళ పేర్లతో సహా గుర్తున్నాయి. అందుకని బాదలేదు. అది కింద పడి, మళ్ళీ లేచేదాకా ఆగాడు. లేచాక, నిద్రపోతున్న పిల్లను ఒక మంచం మీద నుంచి ఇంకో మంచం మీదకు మార్చినట్టు, దాన్ని ఖాళీగా ఉన్న మూలకు తోశాడు.

బంతి ఒకసారి నేలకు తగిలింది. రెండోసారి తగిలింది.

మెట్ల మీద నుంచి విజిల్ మోగింది. రెండుసార్లు. బస్సును ఆపమనడానికి ఒకటైతే, పోనిమ్మనడానికి రెండు. రెఫరీ మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. ఈసారి మెట్లెక్కలేదు.

నెట్ దగ్గర పిడుగు చెయ్యి కలిపాడు. "మళ్ళీ మూడో తీగేనా అన్నా?"

"ఈసారి తీగ కూడా కాదు. చట్రం."

"చెప్పకుండా ఉంటేనే బాగుండేది. కాళ్ళు ఏం చేయాలో ఆలోచించడం మొదలుపెట్టాయి."

"వచ్చే నెలకు అలవాటవుతుంది. అప్పుడు నన్ను కొడతావు."

"అప్పటికైనా రెండు పౌండ్లు తగ్గించమంటారా?"

"యాభై నాలుగు. రేపు డబుల్స్ ఉందిగా, తీసుకురా, కడతా."

అత్తగారు మెట్లు దిగి వచ్చింది. అల్లుడి ముందు నిలబడింది. ఏదో పెద్ద మాట అనబోతోందని అతను తువ్వాలు దించాడు.

"బయట ఆరు బ్యాట్లు అలాగే ఉన్నాయి" అంది. "పదండి."

*

రెండో రౌండ్‌లో తీగలన్న రెండు-ఆరు, ఒకటి-ఆరుతో ఓడిపోయాడు. ప్రత్యర్థి రాకెట్లు అతనే కట్టాడు. వాటిలో అన్ని తీగలూ మధ్యలోనే అరిగి ఉన్నాయి. "వీడిలో చెప్పడానికి ఏమీ లేదు అత్తయ్యా" అన్నాడు.

ఆటగాడు ఓడితే ఇంటికి వెళ్తాడు. తీగలు కట్టేవాడు ఫైనల్ దాకా ఉండాలి. ఆదివారం ఫైనల్ అయ్యాక మెషీను విప్పి పెట్టెలో సర్దాడు. సోమవారం పొద్దున ఇద్దరూ బస్సెక్కారు. అత్తగారు కండక్టరు సీటు వెనక సీట్లో కూర్చుంది. ఫోను తీసి, జాబితా తెరిచి, బొటనవేలితో తోస్తూ పోయింది. బస్సు రెండు స్టాపులు దాటింది. ఇంకా తోస్తూనే ఉంది.

"ఉంది" అంది చివరకు. తర్వాత కళ్ళజోడు సరిచేసుకుంది. "పోయిన వారం ఎంత?"

"పదిహేను వందల ఎనభై ఏడు."

"ఇప్పుడు పదిహేను వందల తొంభై ఒకటి. ఇంత చేసి నాలుగు వెనక్కా?"

"పాత పాయింటు పోయింది, కొత్త పాయింటు వచ్చింది. మధ్యలో నలుగురు దూరారు."

"దూరనివ్వండి. నిలబడేవాళ్ళకు చోటుంది." ఆమె ఫోను తిప్పి అతని పేరున్న చోట వేలు పెట్టి చూపించింది. అతను చూశాడు. పదకొండేళ్ళుగా చూస్తున్న పేరే. అయినా బస్సు సిగ్నల్ దగ్గర ఆగి కదిలేదాకా చూశాడు.

కండక్టరు టికెట్ల కోసం వచ్చాడు. ఆమె పాసు చూపించింది. తన శాఖ మనిషని తెలిసి అతను నవ్వాడు. ఆమె ఆగలేకపోయింది. ఫోను అతని ముందు పెట్టింది.

"మా అల్లుడు. చూడు."

కండక్టరు కళ్ళు చిట్లించి చదివాడు. "పదిహేను వందల తొంభై ఒకటా? ఏంటమ్మా ఇది? మన డిపోలో అంత పెద్ద నంబరు బస్సు లేదే!"

తీగలన్న కిటికీ వైపు తిరిగి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"బస్సు నంబరు కాదయ్యా" అంది అత్తగారు. "భూమ్మీద ఎనిమిది వందల కోట్ల మంది ఉన్నారు. వాళ్ళలో ఈయనకన్నా ముందున్నది పదిహేను వందల తొంభై మంది. అంతే. మనిద్దరం ఎక్కడున్నామో చూసుకో."

కండక్టరు తీగలన్నను కింద నుంచి పైదాకా చూసి, పక్కనున్న మెషీను పెట్టెను చూసి, "ఆ పెట్టె దారికి అడ్డంగా ఉంది సార్, కాస్త లోపలికి పెట్టుకోండి" అన్నాడు. 'సార్' అన్నందుకు అత్తగారు తృప్తిగా తల ఊపింది. పెట్టె జరిగేసరికి బస్సు స్టాపులో ఆగింది, ఎక్కేవాళ్ళు ఎక్కారు. అలవాటు కొద్దీ, ఆమె చెయ్యి సంచిలోకి వెళ్ళింది.

"అత్తయ్యా, వద్దు" అన్నాడు తీగలన్న.

అప్పటికే రెండుసార్లు మోగింది. డ్రైవరు గేరు వేశాడు.